కళ్ళజోడు అద్దాల మీద గీతలు టూత్‌పేస్ట్‌తో పోతాయా?

పోవు, పైగా అద్దం ఇంకా పాడవుతుంది. టూత్‌పేస్ట్ గానీ వంటసోడా గానీ రుద్దితే గీతలు మాయమవుతాయని విన్నానని రాశారు. దయచేసి ఆ పని చేయకండి.

మాది మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లా బల్లార్‌పూర్. బొగ్గు గనులున్న ఊరు, ఎటు చూసినా దుమ్మే. మా బాపు, అంటే నాన్న, గనిలో చేసి రిటైరయ్యారు. చష్మాను ఎప్పుడూ భుజం మీది తువ్వాలుతోనే తుడిచేవారు. గీతలు ఎక్కువయ్యాయని ఎవరో చెబితే టూత్‌పేస్ట్ పట్టించి రుద్దారు. సన్న గీతలు కొన్ని కనబడకుండా పోయాయి గానీ అద్దం మధ్యలో మసక మిగిలిపోయింది. రాత్రి బండి మీద వస్తుంటే ఎదురు లైట్ల వెలుగు చెదిరిపోయి రోడ్డే కనబడట్లేదని ఆయన అన్నప్పుడు నాకు నిజంగా భయం వేసింది.

ఇప్పటి కళ్ళద్దాలు చాలావరకు గాజువి కావు, ప్లాస్టిక్‌వి. వాటి మీద కొన్ని మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మందంలో గీతలను తట్టుకునే హార్డ్ కోటింగ్, దాని పైన అంతకన్నా పల్చగా మెరుపు తగ్గించే యాంటీ గ్లేర్ కోటింగ్ ఉంటాయి. పళ్ళ గార వదలడానికి టూత్‌పేస్ట్‌లో వేసే సన్నటి పొడి ఈ పొరలనూ గీకేస్తుంది. గీత అంటే అక్కడ కాస్త పదార్థం లేచిపోయిందని అర్థం. అది కనబడకూడదంటే చుట్టుపక్కలంతా అరగదీయాలి. అలా అరగదీస్తే చూపు తేడా వస్తుంది.

అసలు అవి గీతలేనా అని ముందు చూడండి. కుళాయి నీళ్ళ కింద పట్టి, గిన్నెలు తోమే లిక్విడ్ ఒక్క చుక్క వేసి, వేళ్ళతో మెల్లగా రుద్ది కడగండి. వేడినీళ్ళు వద్దు. గీతలనుకున్నవి వంటింటి జిడ్డు మరకలై కడిగితే పోవడం మా ఇంట్లో చాలాసార్లే చూశాను. కడిగాక ట్యూబ్‌లైట్ కింద వంచి చూడండి. సాలెగూడులా సన్నటి పగుళ్ళు అల్లుకుని ఉంటే అవి గీతలు కావు, వేడికి కోటింగ్ చిట్లిందన్నమాట. మా దగ్గర మే నెలలో ఎండ 45 డిగ్రీలు దాటుతుంది. ఆ ఎండలో మూసిన కారు డ్యాష్‌బోర్డు మీద చష్మా వదిలేస్తే ప్లాస్టిక్ సాగినంత పైపొర సాగలేదు, పగిలిపోతుంది. వారంటీ ఉందేమో షాపులో అడగండి.

గీత అంచున ఉంటే వదిలేయవచ్చు. కంటిపాపకు ఎదురుగా ఉంటే మాత్రం అద్దం మార్చాల్సిందే. తలనొప్పి పెట్టుకుని నెట్టుకురాకండి.

కొత్తవి వచ్చాక పొడిగా తుడవడం పూర్తిగా మానేయండి. బొగ్గు పొడి మెత్తనిదే, కానీ దుమ్ములో కలిసిన ఇసుక రేణువులు గాజుకన్నా గట్టివి. గట్టితనాన్ని 1 నుంచి 10 వరకు కొలిచే మోస్ స్కేల్ మీద, ఇసుకలో ఉండే క్వార్ట్జ్ ఖనిజం గట్టితనం 7. తువ్వాలుతో, చీర కొంగుతో తుడిచిన ప్రతిసారీ వాటినే అద్దానికేసి రుద్దుతున్నట్టు. ముందు నీళ్ళు, తర్వాతే మైక్రోఫైబర్ గుడ్డ. ఆ గుడ్డను కూడా సబ్బుతో ఉతుకుతూ ఉండాలి.

ఖర్చు గురించి టెన్షన్ పడుతున్నట్టున్నారు. ఫ్రేమ్ బాగుంటే అద్దాలొక్కటే వేయించుకోండి. ఒక కన్నుదే పాడైతే ఆ ఒక్కటీ మార్చమనవచ్చు. కోటింగ్ మెరుపు ఆకుపచ్చా, నీలమా చూపించి, రెండో అద్దానికి కలిసేలా తెప్పించమనండి.