ఫలితాలు చూసి దిగులు పడిన మనవరాలికి

అనంతపురం

చిరంజీవి తల్లికి తాత ఆశీస్సులు.

నిన్న రాత్రి ధర్మవరం నుంచి మీ అమ్మ ఫోను చేసింది. ఇంటర్ సివిక్స్‌లో 31 వచ్చిందని రెండు రోజులుగా నువ్వు సరిగా అన్నం తినడం లేదట. పాస్ కావడానికి నాలుగు మార్కులు తక్కువ. బాగా రాశానని పరీక్ష నాడే నాతో అన్నావు. నేను ఆ మాట నమ్ముతున్నాను.

ఎన్నో వేసవులు జవాబుపత్రాలు దిద్దే స్పాట్ వాల్యుయేషన్‌లో కూర్చున్నవాణ్ణి. ఒక ఏడాది ఎవరో దిద్దిన పేపరు నా దగ్గరికి వచ్చింది. ఆ విద్యార్థి పది మార్కుల జవాబు సగంలో ఆపి, మిగతాది నాలుగు పేజీల తర్వాత రాశాడు. ప్రశ్న నంబరు వేయడం మరిచాడు. ఆ పేజీ మీద ఎర్ర సిరా చుక్క కూడా పడలేదు. ఇంకో పేపరులో లోపల 6 మార్కులు వేసి, అట్ట మీది గడిలో సున్నా పెట్టారు. రెండూ అక్కడే సరిచేయించాం. మా కంటపడనివి ఎన్ని ఉంటాయో అని ఇప్పటికీ బాధగా ఉంటుంది.

వేసిన మార్కులను సరిగా కూడారో లేదో చూసేది రీకౌంటింగ్. దిద్దకుండా వదిలేసిన జవాబు బయటపడాలంటే రీవెరిఫికేషన్ అడగాలి. దానితో నీ జవాబుపత్రం స్కాన్ కాపీ కూడా వస్తుంది. రుసుము ఎక్కువే, అయినా నువ్వు అదే అడుగు. డబ్బు నేను కడతాను, మగ్గం మీద వచ్చిన కూలిలోంచి మీ నాన్న తీయనక్కర్లేదు. కాపీ రాగానే ముందు అట్ట చూడకు. మొదటి పేజీ నుంచి వేలు పెట్టి చూస్తూ, ఒక్కో జవాబు పక్కన మార్కు ఉందో లేదో కాగితం మీద రాసుకో.

గడువు మాత్రం చాలా తక్కువ ఉంటుంది. ఏడుస్తూ కూర్చుని ఆ నాలుగు రోజులూ పోగొట్టుకున్న పిల్లలను చూశాను, వాళ్లను తలచుకుంటే ఇప్పటికీ ప్రాణం ఉసూరుమంటుంది. మార్కులు పెరుగుతాయన్న హామీ లేదు కాబట్టి సప్లిమెంటరీ ఫీజు కూడా ఇప్పుడే కట్టు. రీవెరిఫికేషన్ ఫలితం కోసం ఆగితే ఆ తేదీ దాటిపోతుంది. పుస్తకం మూయకు.

మీ అన్న చదివే శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం (ఎస్కేయూ)లో పద్ధతి వేరు. డిగ్రీలో రీవాల్యుయేషన్ అంటే మరొకరు మళ్లీ దిద్దుతారు. వాడి స్నేహితుడి ఫలితం ఆపేశారన్నావుగా, ఆ అబ్బాయిని హాల్‌టికెట్, ఫీజు రసీదు తీసుకుని ముందు కాలేజీ ఆఫీసుకు వెళ్లమను. ఏం చెప్పినా రాతపూర్వకంగా ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకోవాలి.

ఎవరూ పట్టించుకోకపోతే సమాచార హక్కు చట్టం ఉంది. విద్యార్థి తన జవాబుపత్రాన్ని చూసుకోవచ్చని సుప్రీంకోర్టు 2011లోనే తీర్పు చెప్పింది. పది రూపాయల రుసుముతో దరఖాస్తు పెడితే 30 రోజుల్లో సమాధానం ఇవ్వాలి. జవాబుపత్రాలను ఎల్లకాలం దాచి ఉంచరు, అందుకే ఆలస్యం చేయకూడదు.

నీ స్నేహితురాలు గది తలుపు వేసుకుని ఎవరితోనూ మాట్లాడటం లేదని మీ అమ్మ చెప్పింది. ఈ ఉత్తరం పక్కన పెట్టి ముందు ఆ అమ్మాయి ఇంటికి వెళ్లు. ఒంటరిగా వదలవద్దని వాళ్ల అమ్మతో చెప్పు. టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక సహాయ నంబరు 14416కు ఫోను చేస్తే రాత్రయినా పగలయినా తెలుగులో మాట్లాడేవాళ్లు ఉంటారు, ఖర్చేమీ లేదు.

రేపు పొద్దున మొదటి బస్సుకే వస్తున్నాను. హాల్‌టికెట్, మెమో తీసి పెట్టు, ఇద్దరం కలిసి నెట్ సెంటర్‌కు వెళ్దాం.

మీ తాత