కరెంటు పోతే ఆగిపోయే బ్యాంకు

ప్రశ్న: మాది అల్లూరి సీతారామరాజు జిల్లా మన్యంలోని మారుమూల ఊరు. వానాకాలంలో తీగల మీద చెట్టు కొమ్మ విరిగిపడితే రెండేసి రోజులు కరెంటు రాదు. పింఛను సొమ్ము కోసం ముసలివాళ్లు కొండ దిగి వెళ్తే, ఇన్వర్టర్ కూడా ఆగిపోయిందని బ్యాంకువాళ్లు తిప్పి పంపుతున్నారు. శాఖకు సోలార్ పెట్టించమని అర్జీ ఇవ్వాలనుకుంటున్నాం. కానీ మా బంధువుల ఇంటి మీద పలకలున్నా కరెంటు పోగానే ఇల్లు చీకటవుతోంది. మరి బ్యాంకుకు సోలార్ ఉపయోగపడుతుందా?
– ఒక పాఠకురాలు, ముంచింగిపుట్టు మండలం

జవాబు: తప్పక ఉపయోగపడుతుంది. అయితే ఏ రకం సోలార్ కావాలో అర్జీలో స్పష్టంగా రాయండి. మీ బంధువులది బ్యాటరీ లేకుండా గ్రిడ్‌కు, అంటే బయటి కరెంటు సరఫరా తీగలకు, కలిపిన ఏర్పాటు అయి ఉంటుంది. తీగలు బాగుచేసే లైన్‌మన్‌కు పలకల నుంచి వచ్చే కరెంటు తగలకుండా, సరఫరా ఆగిన వెంటనే ఆ ఇన్వర్టర్ తనంతట తానే ఆగిపోతుంది. అది లోపం కాదు, మనిషి ప్రాణం కాపాడే జాగ్రత్త. శాఖకు కావలసింది బ్యాటరీలున్న హైబ్రిడ్ ఇన్వర్టర్, అంటే బయటి కరెంటు పోయినా పలకల నుంచీ బ్యాటరీల నుంచీ లోపలి పరికరాలను నడిపేది.

ఏసీని పక్కన పెడితే, అయిదారు కంప్యూటర్లు, పాస్‌బుక్ ప్రింటరు, ఉపగ్రహ సంబంధం కల్పించే వీశాట్ పరికరం, ఫ్యాన్లు, దీపాలు కలిపి చిన్న శాఖకు సుమారు 1.2 కిలోవాట్లు, అంటే ఎనిమిది గంటలకు దాదాపు 10 యూనిట్లు అవసరమవుతాయి. ఒక కిలోవాట్ పలకలు ఎండ బాగున్న రోజున 4 యూనిట్ల దాకా ఇస్తాయి కనుక, సుమారు 300 చదరపు అడుగుల కప్పు మీద 3 కిలోవాట్లు అమర్చితే పగటి పని సాగిపోతుంది. 12 వోల్టుల, 200 ఏహెచ్ (ఆంపియర్ అవర్, అంటే బ్యాటరీ నిల్వ సామర్థ్యం కొలత) లెడ్ యాసిడ్ బ్యాటరీలు నాలుగుంటే, సగానికి మించి ఖాళీ చేయకుండా, ఎండ లేకున్నా మూడున్నర గంటలు నడపవచ్చు. రాత్రిపూట స్ట్రాంగ్‌రూమ్ అలారానికీ సీసీ కెమెరాలకూ విడిగా బ్యాటరీ ఉండాలి. పగలు కౌంటర్ నడిపిన బ్యాటరీ మీదే వాటిని వదిలేయడం నాకు సమ్మతం కాదు.

మీరన్న రెండు రోజుల అంతరాయాలు ముసురు రోజుల్లోనే వస్తాయి. అప్పుడు పలకల ఉత్పత్తి బాగా పడిపోతుంది కాబట్టి డీజిల్ జనరేటర్‌ను తీసేయమని అడగవద్దు. జోరువానకు ఉపగ్రహ సంకేతమే తెగిపోతే సోలార్ ఏమీ చేయలేదు.

శాఖ అద్దె భవనంలో ఉంటే కప్పు వాడుకోవడానికి యజమాని రాతపూర్వక అంగీకారం తీసుకొని అర్జీకి జతచేయండి. గత మూడు నెలల్లో కరెంటు లేక ఏయే తేదీల్లో, ఎన్ని గంటలు లావాదేవీలు ఆగాయో కూడా రాయండి; ఎంత బ్యాటరీ పెట్టాలో ఇంజనీరు ఆ గంటలను చూసే లెక్క కడతాడు.