టెక్ సందేహాలు: సైట్ బాగుందంటారు, ఫోన్ మాత్రం చేయరు!

ప్రశ్న: సోఫాలు, కుర్చీలకు కొత్త గుడ్డ వేసే చిన్న షాపు నడుపుతున్నాను. ఈమధ్యే వెబ్‌సైట్ చేయించాను. చూసినవాళ్లంతా బాగుందంటున్నారు. కానీ దాని ద్వారా ఒక్క ఆర్డరూ రాలేదు. లోపం ఎక్కడుందో చెప్పగలరా?

జవాబు: మీరు పంపిన లింకును ఫోన్‌లో తెరిచి చూశాను. తెర నిండా వాటంతటవే మారిపోయే ఫొటోలు, వాటి మీద ‘మా వెబ్‌సైట్‌కు స్వాగతం, నాణ్యతే మా ధ్యేయం’ అన్న అక్షరాలు. కిందికి జరిపితే సంస్థ చరిత్ర. అదీ దాటాక గానీ మీరు చేసే పనేమిటో తెలియడం లేదు. ఫోన్ నంబరు అన్నిటికంటే అడుగున ఉంది, అదీ ఒక ఫొటోలో భాగంగా. నొక్కితే కాల్ వెళ్లదు, కాపీ చేసుకుందామన్నా కుదరదు. అంకెలు గుర్తుపెట్టుకుని డయల్ చేసే ఓపిక ఎంతమందికి ఉంటుంది?

మీ సైట్‌కి వచ్చే మనిషి దాని అందం చూద్దామని రాడు. ఇంట్లో సోఫా చిరిగింది. ఎవరు బాగుచేస్తారు, ఎంతవుతుంది, ఎన్నాళ్లు పడుతుంది? ఈ మూడే అతనికి కావాలి. వీటికి జవాబు వేలు కదపకుండానే దొరకాలి. స్వాగత వాక్యం తీసేసి, ఆ చోట ‘పాత సోఫాలు, కుర్చీలకు కొత్త గుడ్డ, కొత్త స్పాంజి వేస్తాం. ఇంటికొచ్చి తీసుకెళ్తాం, వారంలో తెచ్చిస్తాం’ అని రాయించండి. గడువు మీరు నిజంగా నిలబెట్టుకోగలిగిందే వేయండి. దాని కిందే పెద్ద ‘కాల్ చేయండి’ బటన్, పక్కన షాపు తెరిచి ఉండే వేళలు. నంబరును కాల్ లింకుగా పెట్టమంటే మీ డెవలపర్‌కి అది ఒక్క లైను పని.

మారిపోయే ఫొటోలు తీసేయమనే నా సలహా. చదివేలోపే తెర మారిపోతే చికాకు తప్ప ప్రయోజనం లేదు. వెబ్ ప్రమాణాలు రూపొందించే డబ్ల్యూ3సీ సంస్థ మార్గదర్శకాలు కూడా, దానంతటదే మొదలై 5 సెకన్లకు మించి కదిలే దేన్నైనా ఆపే వీలు ఉండాలనే చెబుతాయి. ఆ స్థానంలో మీరు బాగుచేసిన ఒకే ఒక్క కుర్చీ ఫొటోలు రెండు పెట్టండి: ముందు, తర్వాత. నెట్‌లో కొన్న తళుకుల ఫొటోల కంటే మీ చేతిపని వెయ్యి రెట్లు నమ్మకం కలిగిస్తుంది.

ధర చెబితే పోటీవాళ్లు చూస్తారని చాలామంది దాచేస్తారు. నేను ఒప్పుకోను. కచ్చితమైన ధర చెప్పలేకపోతే ఎక్కడ మొదలవుతుందో, గుడ్డ రకాన్ని బట్టీ సీట్ల సంఖ్యను బట్టీ ఎలా పెరుగుతుందో రాయండి. ఏమీ కనిపించకపోతే వచ్చినవాళ్లు ఫోన్ చేసి అడగరు, వెనక్కి వెళ్లి ఇంకో సైట్ తెరుస్తారు.

ఇవన్నీ సరిచేశాక ఒక పరీక్ష పెట్టండి. మీ సైట్‌ని ఎప్పుడూ చూడని ఒకరికి ఫోన్ ఇచ్చి, ‘నాలుగు కుర్చీలకు గుడ్డ వేయించాలి, ఎంతవుతుందో కనుక్కో’ అనండి. ఇక నోరు మెదపకండి. వేలు ఎక్కడ ఆగుతోంది, ఏది నొక్కి వెనక్కి వస్తున్నారు, ఎక్కడ మొహం చిట్లిస్తున్నారు అన్నదే చూడండి. ఐదుగురితో ఇలా చూస్తే చాలావరకు లోపాలు బయటపడతాయని వాడుక సౌలభ్యంపై పరిశోధించిన జాకబ్ నీల్సన్ 2000లోనే రాశారు. మీరు మాత్రం ఇంట్లోవాళ్లని వదిలేసి బయటివాళ్లని ఎంచుకోండి. ఇంట్లోవాళ్లు మిమ్మల్ని నొప్పించడానికి ఇష్టపడరు.

ప్రశ్న: మా సైట్‌లో అక్షరాలు లేత బూడిద రంగులో ఉన్నాయి. అదే ఇప్పటి ఫ్యాషనని డిజైనర్ అంటున్నారు. మా కస్టమర్లలో పెద్దవాళ్లే ఎక్కువ.

జవాబు: మార్పించండి. అక్షరానికీ వెనకున్న రంగుకీ మధ్య తేడా కనీసం 4.5:1 నిష్పత్తిలో ఉండాలని డబ్ల్యూ3సీ మార్గదర్శకం. బ్రౌజర్‌లో ‘కాంట్రాస్ట్ చెకర్’ అని వెతికి, రెండు రంగుల కోడ్‌లూ ఇస్తే నిష్పత్తి వచ్చేస్తుంది. ఆ అంకె డిజైనర్‌కి చూపిస్తే వాదన అవసరం ఉండదు. ఎండలో ఫోన్ చూసే కుర్రాళ్లకీ ఈ మార్పు మేలు చేస్తుంది.

ప్రశ్న: మా సైట్ తెరుచుకోవడానికి చాలాసేపు పడుతోంది. హోస్టింగ్ మార్చాలా?

జవాబు: హోస్టింగ్ అంటే మీ సైట్ ఫైళ్లు ఉండే అద్దె సర్వర్. దాన్ని మార్చేముందు ఫొటోల సంగతి చూడండి. ఫోన్‌తో తీసిన ఫొటోని అలాగే ఎక్కిస్తే వెడల్పే 4000 పిక్సెళ్లు ఉంటుంది, బరువు నాలుగైదు ఎంబీలు. అన్ని పిక్సెళ్లు ఫోన్ తెరకి అక్కర్లేదు. వెడల్పు 1600 పిక్సెళ్లకు తగ్గించి, ఫొటో బరువు తగ్గించే వెబ్‌పీ ఫార్మాట్‌లో దాచుకుంటే చాలా ఫొటోలు రెండు మూడు వందల కేబీలకు దిగుతాయి. ‘స్క్వూష్’ అనే ఉచిత టూల్ ఈ పనంతా మీ బ్రౌజర్‌లోనే చేస్తుంది, ఫొటో వేరే సర్వర్‌కి వెళ్లదు.

తర్వాత సైట్ వేగం కొలిచే గూగుల్ వారి ‘పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్’లో మీ సైట్ చిరునామా ఇచ్చి, మొబైల్ ఫలితం చూడండి. తెరపై ప్రధానమైన ఫొటో లేదా వాక్యం 2.5 సెకన్లలోపు కనిపిస్తే బాగున్నట్టు. 4 సెకన్లు దాటితే బాగా లేనట్టు. స్కోరు నూటికి నూరు కావాలని తపించకండి, ఆ ప్రధానమైనది త్వరగా కనిపించడం ముఖ్యం. ఫొటోలు తగ్గించినా మార్పు లేకపోతే అప్పుడు హోస్టింగ్ గురించి ఆలోచించండి.

ప్రశ్న: సైట్‌లో ఎంక్వైరీ ఫారం పెట్టాం. ఎవరూ నింపడం లేదు.

జవాబు: నింపడం లేదా, నింపినా మీకు చేరడం లేదా? ఈరోజే మీ ఫారం మీరే నింపి చూడండి. సైట్ సర్వర్ నుంచి వచ్చే మెయిళ్లు తరచూ స్పామ్‌లో పడతాయి. పంపినవాళ్లకి ‘ధన్యవాదాలు’ అని కనిపిస్తుంది, మీకేమీ తెలియదు. జవాబు కోసం ఎదురుచూసి వాళ్లు వేరే చోటికి పోతారు. ఇది చాలా బాధాకరమైన నష్టం. నెలకోసారి పరీక్షించుకోవడం అలవాటు చేసుకోండి.

అది సరిగానే ఉంటే గళ్లు తగ్గించండి. పేరు, ఫోన్, పని ఏమిటి... ఈ మూడు చాలు. ఫోన్ గడి మీద నొక్కితే అంకెల కీబోర్డే రావాలి. గళ్లలో అక్షరాలు 16 పిక్సెళ్ల కంటే చిన్నగా ఉంటే ఐఫోన్‌లో పేజీ దానంతటదే జూమ్ అయి చికాకు పెడుతుంది, అదీ చూడమనండి.

ప్రశ్న: సైట్ చేసిన కుర్రాడు ఫోన్ ఎత్తడం లేదు. డొమైన్ గడువు దగ్గరపడుతోంది. ఏం చేయాలి?

జవాబు: డొమైన్ (మీ సైట్ చిరునామా పేరు), హోస్టింగ్, సైట్... మూడూ వేర్వేరు. సైట్ పోతే మళ్లీ కట్టుకోవచ్చు, హోస్టింగ్ మార్చుకోవచ్చు. డొమైన్ పోతే మీ బోర్డు మీద, బిల్లుల మీద, కార్డుల మీద ఉన్న చిరునామా అంతా పరాయిదైపోతుంది. అందుకే దీన్ని వెంటనే పట్టుకోండి.

డొమైన్ పేర్ల వ్యవస్థను సమన్వయం చేసే ఐకాన్ సంస్థ ‘లుకప్’ పేజీలో మీ డొమైన్ పేరు ఇస్తే, అది ఏ కంపెనీలో రిజిస్టరైందో, గడువు ఏ తేదీతో ముగుస్తుందో ఉచితంగా తెలుస్తుంది. ఆ కంపెనీ సహాయ విభాగానికి రాసి, రిజిస్ట్రేషన్ ఎవరి పేర, ఏ మెయిల్‌తో ఉందో తేల్చుకోండి. మీ పేరే ఉంటే పాస్‌వర్డ్ తిరిగి పొందడమే మిగిలింది. ఆ కుర్రాడి పేర ఉంటే కాగితాల ప్రకారం యజమాని అతనే, కాబట్టి అతన్ని ఎలాగైనా పట్టుకుని మీ పేరుకు, మీ మెయిల్‌కు మార్పించాల్సిందే. మీరు చెల్లించిన రసీదులు, మాట్లాడుకున్న మెసేజ్‌లు భద్రంగా ఉంచండి. లాగిన్ మీ చేతికి రాగానే ఆటో రెన్యువల్ ఆన్ చేసి, రెండంచెల భద్రత పెట్టుకోండి.

కొత్తగా సైట్ చేయించేవాళ్లకి నా మాట: డొమైన్ మీరే, మీ మెయిల్‌తో, మీ కార్డుతో కొనండి. పది నిమిషాల పని. డెవలపర్‌కి అవసరమైన మేరకే అనుమతి ఇవ్వండి.

ప్రశ్న: మా సైట్ తెరిస్తే పైన ‘నాట్ సెక్యూర్’ అని వస్తోంది. వైరసా?

జవాబు: సాధారణంగా కాదు. సైట్‌కి హెచ్‌టీటీపీఎస్ లేదన్నమాట, అంటే సైట్‌కీ చూసేవాళ్లకీ మధ్య వెళ్లే సమాచారాన్ని దారిలో ఎవరూ చదవకుండా కాపాడే ఏర్పాటు. 2018 జులై నుంచి క్రోమ్ ఇలాంటి సైట్లన్నిటికీ ఆ ముద్ర వేస్తోంది. అది చూసిన కస్టమర్ ఫారంలో తన నంబరు రాయడానికి జంకుతాడు. ‘లెట్స్ ఎన్‌క్రిప్ట్’ సంస్థ దీనికి కావాల్సిన సర్టిఫికెట్‌ని ఉచితంగా ఇస్తుంది, చాలా హోస్టింగ్ కంపెనీల కంట్రోల్ ప్యానెల్‌లో ఒక్క బటన్‌తో ఆన్ అవుతుంది. పాత హెచ్‌టీటీపీ చిరునామాతో వచ్చేవాళ్లు కూడా కొత్తదానికే మళ్లేలా రీడైరెక్ట్ పెట్టించడం మరవకండి.