మేనల్లుడికి ప్రోస్టేట్ గురించి ఒక ఉత్తరం

చిరంజీవి అల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. నువ్వు పంపిన గుమ్మడి గింజల సందేశం చదివాను. రోజూ గుప్పెడు తింటే ప్రోస్టేట్ క్యాన్సర్ దరిచేరదని ఎవరో రాశారట, నువ్వు అప్పుడే డబ్బా నింపి పెట్టుకున్నావని అక్కయ్య చెప్పింది. తిను, మంచివే. కానీ అవి తింటున్నాను కదా అని పరీక్ష మానుకుంటే మాత్రం ఊరుకోను. ఉద్యోగమంతా ఆసుపత్రి మందుల కిటికీ దగ్గరే గడిపినవాడిని. ఆ జబ్బుతో వచ్చిన మగవాళ్లలో ఎక్కువమంది ఆలస్యంగా వచ్చినవాళ్లే.

నీకు మూత్రం సాఫీగానే వస్తోంది కాబట్టి భయం లేదన్నావు. ఆ లెక్క తప్పు. ప్రోస్టేట్ అనే ఈ గ్రంథి మూత్రాశయం కింద, మూత్రనాళాన్ని చుట్టుకుని ఉంటుంది. వయసుతో వచ్చే మామూలు వాపు నాళాన్ని ఆనుకున్న లోపలి భాగంలో మొదలవుతుంది. అందుకే ధార సన్నబడుతుంది, ముక్కవలసి వస్తుంది, రాత్రి నాలుగుసార్లు లేవాల్సి వస్తుంది. క్యాన్సర్ చాలావరకు గ్రంథి బయటి అంచున పుడుతుంది. అక్కడి గడ్డ తొలి రోజుల్లో నాళాన్ని నొక్కదు కనుక ఏ ఇబ్బందీ కలిగించదు. నాలుగుసార్లు లేచే నాకు ఉన్నది ఉత్త వాపే. ఏ బాధా లేని మీ నాన్నకు, అదే మా బావగారికేమో, క్యాన్సర్ వెన్నెముకకు పాకాకగానీ బయటపడలేదు. అప్పటిదాకా అందరూ వయసు మీద పడిన నడుము నొప్పే అనుకున్నారు.

నాన్నకుగానీ అన్నదమ్ములకుగానీ ఉంటే మనకు వచ్చే అవకాశం దాదాపు రెట్టింపు. అలాంటివాళ్లు 40, 45 ఏళ్ల మధ్యే పి.ఎస్.ఎ. పరీక్ష, అంటే ప్రోస్టేట్ తయారుచేసే ఒక ప్రోటీను రక్తంలో ఎంతుందో చూసే పరీక్ష సంగతి డాక్టరుతో మాట్లాడాలి. నీకు 48 వచ్చాయి. ఇంకో మాట. మీ మేనత్తకు రొమ్ము క్యాన్సర్ వచ్చింది కదా, ఆ సంగతి కూడా యూరాలజిస్టుకు తప్పక చెప్పు. బీఆర్‌సీఏ2 అనే జన్యువులో లోపం ఉంటే ఆడవాళ్లకు రొమ్ములో, అండాశయంలో, మగవాళ్లకు ప్రోస్టేట్‌లో క్యాన్సర్ వచ్చే ముప్పు పెరుగుతుంది. జన్యు పరీక్ష ముందు బావగారికి చేయించడం మేలు. ఆయనలో లోపం కనిపిస్తే నువ్వూ చేయించుకోవచ్చు. నీలోనూ ఉంటే అది రేపు నీ కూతురికీ పనికొచ్చే సమాచారం. మగవాళ్ల జబ్బని ఆడపిల్లల దగ్గర దాచిపెట్టే అలవాటు మన ఇళ్లలో ఉంది. దాన్ని మానాలి.

పరీక్షకు పరగడుపు అక్కర్లేదు, కాస్త రక్తం ఇస్తే చాలు. అయితే ముందు రెండు రోజులు సైకిలు తొక్కకు, దాంపత్యానికీ దూరంగా ఉండు. మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉంటే అది తగ్గాక కొన్ని వారాలు ఆగు. లేకపోతే అంకె ఊరికే పెరిగి కనిపిస్తుంది. నీ విషయంలో ఇంకో చిక్కుంది. జుట్టు రాలకుండా నువ్వు వేసుకునే ఫినాస్టరైడ్ మాత్ర పి.ఎస్.ఎ.ను దాదాపు సగానికి తగ్గిస్తుంది. ఆ సంగతి చెప్పకపోతే డాక్టరు నీ రిపోర్టు చూసి అంతా బాగుందంటాడు. క్షౌరశాలలోనో బజారులోనో కొన్నదే అయినా మాత్ర పేరు రాసుకుని వెళ్లు.

ఇక అంకె సంగతి. మిల్లీలీటరుకు 4 నానోగ్రాములు దాటితే ఎక్కువని చాలాకాలంగా ఒక గీత గీసుకున్నారు. 4కూ 10కీ మధ్య వచ్చినవాళ్లకు బయాప్సీ చేస్తే, అంటే గ్రంథి నుంచి చిన్న ముక్క తీసి చూస్తే, నలుగురిలో సుమారు ఒకరికే క్యాన్సర్ ఉంటుంది. మిగతావాళ్లకు వాపో ఇన్ఫెక్షనో. 4 కంటే తక్కువ వచ్చినంత మాత్రాన అసలే లేదనీ కాదు. కాబట్టి రిపోర్టు చేతికి రాగానే ఇంటిల్లిపాదీ ఏడవడమూ వద్దు, మిఠాయిలు పంచడమూ వద్దు. ఎక్కువ వస్తే కొన్ని వారాల తర్వాత అదే ల్యాబులో మళ్లీ చేయిస్తారు. అప్పుడూ అలాగే ఉంటే ఎమ్మారై తీసి, అనుమానం ఉన్న చోటునుంచి బయాప్సీ చేస్తారు. మలద్వారం గుండా వేలితో చూసే పరీక్షకు సిగ్గుపడకు, నిమిషం కూడా పట్టదు. సూది గుచ్చితే గడ్డ రేగి పాకుతుందని ఊళ్లో చెప్పే మాట నమ్మకు.

ఒకవేళ క్యాన్సరే అని తేలినా వెంటనే కత్తి పట్టాలనేమీ లేదు. బయాప్సీ రిపోర్టులో గ్లీసన్ స్కోరు అని, క్యాన్సర్ ఎంత ఉధృతమో చెప్పే అంకె ఉంటుంది. అది 6 అయితే నెమ్మది రకం. చాలామందిని చికిత్స లేకుండా పరీక్షలతో కనిపెట్టుకుని ఉంటారు, దాన్నే యాక్టివ్ సర్వేలెన్స్ అంటారు. బ్రిటన్‌లో గ్రంథి దాటని క్యాన్సర్ ఉన్న 1,643 మందిని మూడు జట్లు చేసి, ఒక జట్టుకు ఆపరేషన్, ఒక జట్టుకు రేడియేషన్, ఒక జట్టుకు కనిపెట్టుకుని ఉండటం ఇచ్చారు. 2023లో వెలువడిన పదిహేనేళ్ల ఫలితాల్లో ఆ క్యాన్సర్‌తో చనిపోయినవాళ్లు నూటికి ముగ్గురికి లోపే. మూడు జట్లకూ అందులో పెద్ద తేడా లేదు. ఆపరేషన్ తర్వాత మూత్రం కారడం, అంగస్తంభన తగ్గడం మాత్రం నిజంగా ఉండే బాధలు. వాటి గురించి ముందే, మొహమాటం లేకుండా అడుగు. నీ భార్యను కూడా పక్కన కూర్చోబెట్టుకుని అడుగు.

తిండి సంగతికి వస్తే, ఇది తింటే రాదని రుజువైన పదార్థం ఒక్కటీ లేదు. టమాటాల మీద ఎంత రాసినా తేల్చి చెప్పగలిగింది లేదు. మాత్రల సంగతి మరీ అన్యాయం. అమెరికా, కెనడాల్లో 35 వేలమందికి పైగా మగవాళ్లతో చేసిన ఒక పరిశీలనలో విటమిన్ ఇ వేసుకున్నవాళ్లకు ప్రోస్టేట్ క్యాన్సర్ 17 శాతం ఎక్కువ వచ్చింది. ఆ సీసాలు కొనకు. నడుము చుట్టుకొలత తగ్గించు, రోజూ నడువు, సిగరెట్టు మానెయ్యి. అసలు మన దేశంలో మగవాళ్లకు ఎక్కువగా వచ్చేది నోటి క్యాన్సర్. జేబులో ఖైనీ పొట్లం పెట్టుకుని గుమ్మడి గింజల గురించి నన్ను అడుగుతావా?

నీకు కూడా యాభై దాటాక నాలాగే మామూలు వాపు రావచ్చు. అప్పుడు సాయంత్రం తర్వాత నీళ్లు తగ్గించు గానీ పగలు మానకు, మన ఎండలకు రాళ్లు చేరతాయి. జలుబు మాత్రలు అడగకుండా వేసుకోకు. వాటిలో కొన్ని మూత్రాన్ని పూర్తిగా బిగించేస్తాయి. మూత్రం సాఫీగా రావడానికి టామ్సులోసిన్ అనే మాత్ర రాస్తే మంచం మీదనుంచి దిగ్గున లేవకు, కళ్లు తిరుగుతాయి. ఎప్పుడైనా శుక్లాల ఆపరేషనుకు వెళ్తే ఈ మాత్ర వాడుతున్నానని కంటి డాక్టరుకు ముందే చెప్పు, దానివల్ల ఆపరేషన్ సమయంలో కనుపాప సరిగా విచ్చుకోదు. మూత్రంలో రక్తం ఒక్కసారి కనిపించి ఆగిపోయినా సరే, చూపించుకోవాల్సిందే.

బావగారి క్యాన్సర్‌కు ఇచ్చే ఇంజెక్షను మూడు నెలలకోసారి తేదీ తప్పకుండా వేయించు. ఆయనకు కాళ్లలో బలం తగ్గినా, తిమ్మిరెక్కినా తెల్లారేదాకా ఆగకు. వెన్నుపాము నలుగుతోందేమోనని ఆ రాత్రే ఆసుపత్రికి తీసుకెళ్లు. ఖర్చు భారమైతే హైదరాబాదులో ప్రభుత్వ ఎం.ఎన్.జె. ఆసుపత్రి, విశాఖలో టాటా వాళ్ల హోమీ భాభా ఆసుపత్రి ఉన్నాయి.

వచ్చే వారం నువ్వు డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు బావగారి బయాప్సీ రిపోర్టు నకలు ఒకటి వెంట తీసుకెళ్లు. అసలు కాగితం అక్కయ్య బీరువాలో పై అరలో ఉంది.

మీ మామయ్య