బావ షుగరు గురించి మాధవికి

చి. మాధవికి,

మామయ్య ఆశీస్సులు. మీ నాన్నని, అంటే మా బావని, షుగరు డాక్టరుకి చూపించి వచ్చాక నువ్వు రాసిన ఉత్తరం చదివాను. "మూడు గంటలు కూర్చోబెట్టి మూడు నిమిషాలు చూశారు. రిపోర్టు చూడగానే స్వీట్లు తింటున్నారా అని కసిరి, ఇన్సులిన్ నాలుగు యూనిట్లు పెంచి పంపేశారు" అని రాశావు. నీ కోపం న్యాయమైనదే. పథ్యం ఉంటున్న మనిషిని అందరి ముందూ దొంగలా నిలబెడితే ఎవరికైనా మనసు చివుక్కుమంటుంది. డాక్టర్ని మార్చే సంగతి చివర్లో రాస్తాను. ముందు, ఆ మూడు నిమిషాల్లో ఆయన చేతికి అందినవి ఎలాంటి అంకెలో చూడు.

బావ ముందురోజు రాత్రి ఎనిమిదింటికి తిని, తెల్లారి బస్సెక్కి గుంటూరు చేరి, పదిన్నరకి రక్తం ఇచ్చారు. అంటే పద్నాలుగు గంటల పైన పస్తు. పరగడుపు పరీక్షకి ఎనిమిది నుంచి పది గంటలు చాలు. ఆ తర్వాత ఎదురు హోటల్లో ఇడ్లీ తిన్నారు. ఇన్సులిన్ సీసా మాత్రం ఇంట్లో ఫ్రిజ్‌లోనే ఉంది. రెండు గంటల తర్వాత వచ్చిన 310 ఇన్సులిన్ వేసుకోని పూట అంకె. దాన్ని చూసి పెంచిన మోతాదు వేసుకునేదేమో ఇంట్లో, రోజూ. సాయంత్రం నాలుగింటికి చెమటలు పట్టి చేతులు వణుకుతున్నాయని రాశావే, కారణం ఇదే కావచ్చు. అది వచ్చే అపాయింట్‌మెంటు దాకా ఆగే విషయం కాదు. ఈరోజే ఆసుపత్రికి ఫోన్ చేసి చెప్పు.

ఇకపై రక్తం మీ ఊళ్ళోనే, డాక్టరు దగ్గరికి వెళ్ళే ముందురోజు ఏడింటికి ఇప్పించు. తిన్నాక చేసే పరీక్షకి రోజూ తినే టిఫినే తినాలి, రోజూ వేసుకునే మందే వేసుకోవాలి. పరీక్ష ఉందని మందు మానేయడం, రెండు రోజుల ముందు నుంచి కడుపు మాడ్చుకోవడం, రెండూ డాక్టర్ని తప్పుదోవ పట్టిస్తాయి. హెచ్‌బీఏ1సీ అనే రక్తపరీక్షకి పస్తు అక్కర్లేదు. బావకి వచ్చిన 8.4 అంటే సుమారు మూడు నెలల సగటు షుగరు 194 అని. సగటు అన్నాను చూడు, దాని లోపల 60 కూడా దాక్కోవచ్చు, 320 కూడా. పైగా ఇనుము లోపంతో రక్తం తక్కువగా ఉంటే ఈ అంకె ఉన్నదానికన్నా ఎక్కువగా చూపించవచ్చు. బావకి పోయినేడు రక్తం తక్కువన్నారు కదా, హిమోగ్లోబిన్ కూడా చూడమని అడుగు.

ఇప్పుడు అసలు పని. ఒకే ఒక కాగితం తయారుచెయ్యి. ఫైలు కాదు. లావుపాటి ఫైలు తిరగేసే ఓపిక ఓపీలో ఎవరికీ ఉండదు.

కాగితం పైభాగాన బావ వాడే మందులన్నీ రాయి. బ్రాండు పేరు కింద అట్టమీద చిన్నక్షరాల్లో ఉండే అసలు మందు పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, ఏ పూట, తిండికి ముందా తర్వాతా. గుండె డాక్టరు రాసినవీ, మోకాళ్ళకి ఊళ్ళో ఆర్ఎంపీ ఇచ్చినవీ అందులోనే ఉండాలి. రెండు చీటీల్లో వేర్వేరు పేర్లతో ఒకే గ్లిమెపిరైడ్ (షుగరు తగ్గించే మాత్ర) ఉంటే షుగరు పడిపోతుంది. కీళ్ళనొప్పులకి చేసే సూదిలో స్టెరాయిడ్ ఉంటే కొన్నాళ్ళపాటు షుగరు 300 దాటొచ్చు, స్వీటు ముక్క ముట్టకపోయినా. వారానికి ఎన్ని పూటలు మందు మర్చిపోతున్నారో కూడా దాచకుండా రాయి. అది రాయకపోతే, వేసుకున్న మందు చాలట్లేదనుకుని ఇంకోటి కలుపుతారు.

మధ్యభాగంలో ఇంటి మీటరు రీడింగులు. వెళ్ళే ముందు వారంలో మూడు రోజులు చాలు. ఒకరోజు టిఫినుకి ముందు, తిన్న రెండు గంటలకి. మర్నాడు మధ్యాహ్నం భోజనానికి అలాగే, మూడోరోజు రాత్రికి అలాగే. ఆరు స్ట్రిప్పులు. ఒకరోజు తెల్లవారుజామున మూడింటికి ఇంకోటి. ఈ మూడింటి రీడింగు మానొద్దు. అప్పుడు 70 కన్నా తక్కువుంటే, పొద్దున పరగడుపున ఎక్కువుందని రాత్రి డోసు పెంచడం ప్రమాదం. ప్రతి అంకె పక్కన తిన్నది రాయి: "ఇడ్లీ 4, కొబ్బరి పచ్చడి". చేతులు సబ్బుతో కడిగి, తుడిచి, వేలి కొసన కాకుండా పక్కన గుచ్చాలి. మామిడిపండు కోసిన చేత్తో గుచ్చితే మీటరు ఆ రసాన్నే కొలుస్తుంది. ల్యాబులో 150 వచ్చే రక్తానికి మీటరు 130 చూపించినా 170 చూపించినా అది చెడిపోయినట్టు కాదు, ఆమాత్రం తేడా దానికి అనుమతించిందే.

అడుగున మూడే ప్రశ్నలు. "ఆయన వయసుకి షుగరు ఎంత ఉంటే చాలు?" "ఇప్పుడు పెంచే మందు ఏ పూట రీడింగు తగ్గడానికి?" "ఎంతకి పడితే, ఎంతకి పెరిగితే ఫోన్ చెయ్యాలి, ఏ నంబరుకి?" గదిలోకి వెళ్ళగానే మాటలకన్నా ముందు కాగితం ఆయన ముందు పెట్టు. స్వీట్ల సంగతి ఎత్తితే, "తిన్నవన్నీ అంకెల పక్కన రాశానండీ, ఏది తగ్గించాలో మీరే గుర్తు పెట్టండి" అను. అన్నం మానేసి చపాతీ తినమంటే ఎన్ని అని అడుగు. ముప్పై గ్రాముల పిండితో చేసిన చపాతీలు మూడు తింటే, రెండు వందల గ్రాముల అన్నంలో ఉన్నంత పిండిపదార్థం లోపలికి వెళ్తుంది. పేరు మారింది, లెక్క మారలేదు.

ఇన్సులిన్ విషయంలో, డోసు పెంచేముందు ఎవరైనా చూడాల్సినవి రెండున్నాయి, అవి చూడలేదని నాకు బాధగా ఉంది. ఒకటి సిరంజి. మన దగ్గర సీసాల్లో ఎక్కువగా దొరికేది మిల్లీలీటరుకి 40 యూనిట్ల మందు, దానికి ఎర్రమూత సిరంజి. 100 యూనిట్ల మందుకి నారింజరంగు మూత. 40 మందుని నారింజ సిరంజితో 20 గీత దాకా లాగితే ఒంట్లోకి వెళ్ళేది 8 యూనిట్లే. 100 మందుని ఎర్ర సిరంజితో 20 గీత దాకా లాగితే 50 వెళ్తుంది, ప్రాణం మీదకొస్తుంది. మెడికల్ షాపులో ఏది ఉంటే అది ఇచ్చేస్తుంటారు. సీసా మీది అంకె, సిరంజి మీది అంకె ఒకటేనా అని ప్రతిసారీ నువ్వే చూసుకోవాలి.

రెండోది పొట్ట. బావని పడుకోబెట్టి, సబ్బు నురగ రాసి, బొడ్డు చుట్టూ వేళ్ళు పరిచి మెల్లగా తడుము. రబ్బరు ముక్కలా గట్టిగా, ఉబ్బుగా తగిలితే అది ఒకేచోట పొడవడం వల్ల పేరుకున్న కొవ్వు గడ్డ. అక్కడ నొప్పి అంతగా తెలియదు కాబట్టి చెయ్యి మళ్ళీ అక్కడికే పోతుంది. మందు మాత్రం ఒకరోజు ఇంకుతుంది, ఒకరోజు ఇంకదు. గడ్డ ఉంటే చొక్కా పైకెత్తి డాక్టరుకి చూపించు. కొత్తచోటికి మారితే అదే డోసుకి షుగరు బాగా పడిపోవచ్చు, అందుకని ఎంత తగ్గించాలో ఆయన్నే అడగాలి. ఆ తర్వాత ప్రతి సూదికీ వేలెడు దూరం జరగాలి. తెల్లగా మసకగా ఉండే 30/70 మందుని (రెండు రకాల ఇన్సులిన్ కలిపినది) అరచేతుల మధ్య పదిసార్లు దొర్లించి, పదిసార్లు తలకిందులు చేశాకే లాగాలి. సూది తర్వాత అరగంటకి భోజనం. ఆ అరగంటలో కంచం ముందుకి రాకపోతే షుగరు పడిపోయే ప్రమాదం.

షుగరు పడితే, ఇంకో మాట. బావ వేసుకునే మాత్రలో వోగ్లిబోస్ కలిసి ఉంది. అది పంచదార అరగడాన్ని ఆలస్యం చేస్తుంది, కాబట్టి చక్కెరా చాక్లెట్టూ వేళకి అందవు. మూడు చెంచాల గ్లూకోజు పొడి నీళ్ళలో కలిపి ఇచ్చి, పావుగంటకి మళ్ళీ చూడాలి. ఇంకా 70 లోపే ఉంటే మళ్ళీ అంతే. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చెయ్యి. అక్కయ్యకి కూడా ఇది నేర్పు.

ఏడాదికోసారి జరగాల్సినవి అడిగితేగానీ జరగవు. చుక్కలు వేసి కంటిపాప పెద్దది చేసి రెటీనా చూడటం, మూత్రపిండాల కోసం మూత్రంలో ఆల్బుమిన్ క్రియాటినిన్ నిష్పత్తి, అది 30 లోపు ఉండాలి, రక్తంలో క్రియాటినిన్. మెట్‌ఫార్మిన్ అనే షుగరు మాత్ర ఏళ్ళ తరబడి వాడుతున్నారు కనుక విటమిన్ బీ12. పాదాలకి మాత్రం చెప్పులు బయటే విప్పించి, కాళ్ళు కనబడేలా కూర్చోబెట్టు. సన్నటి నైలాన్ దారంతో తాకి స్పర్శ చూడమని అడుగు. కాసేపటి పనే.

ఖర్చు సంగతి. సిటాగ్లిప్టిన్ అనే షుగరు మందు మీద పేటెంటు 2022లో తీరిపోయింది, చవక కంపెనీలవి బోలెడున్నాయి. జన ఔషధి దుకాణంలో అడుగు. మందు పేరు, మిల్లీగ్రాములు, పక్కన ఎస్ఆర్ అనో ఎక్స్ఆర్ అనో (మెల్లగా విడుదలయ్యే మాత్ర అని) ఉంటే అదీ సరిపోవాలి. ప్రభుత్వాసుపత్రిలో షుగరు, బీపీ లాంటి జబ్బులు చూసే ఎన్‌సీడీ క్లినిక్‌లో మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ ఉచితంగా ఇస్తారు.

డాక్టర్ని మార్చడం గురించి. కాగితం పెట్టి రెండుసార్లు చూడు. రెండుసార్లూ దానివైపు చూడకుండా చీటీ రాసినా, ఏ పూటకి పెంచారో చెప్పకపోయినా, నిరభ్యంతరంగా మార్చు. బావ అక్కడ అడ్మిట్ అయ్యారు కదా, ఆ రికార్డులు రాతపూర్వకంగా అడుగు. 72 గంటల్లో ఇవ్వాలని వైద్యమండలి 2002 నిబంధనల్లోనే ఉంది. కొత్తవాళ్ళ దగ్గరికి ఆ కాగితమే పట్టుకెళ్ళు.

ఈ ఉత్తరం అందగానే సిరంజి మూత రంగు, సీసా మీది అంకె చూసి నాకు ఫోన్ చెయ్యి. రాత్రి సూదికి ముందే.

ఇట్లు,
మీ మామయ్య