అల్ ఐన్ జూ చూడాలంటే చీటీ పాడాల్సిందేనా?

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. మా ఆయన యూఏఈ దేశంలోని అల్ ఐన్‌లో ఏసీ మెకానిక్, నెలకు 35 వేలు పంపుతారు. నేను బ్లౌజులు కుట్టి ఎనిమిది వేల దాకా తెచ్చుకుంటాను. ఇంటి ఖర్చులు, చీటీ పోను ఆరేడు వేలు మిగులుతాయి. పిల్లలకు తొమ్మిదేళ్లు, ఐదేళ్లు. వాళ్ల నాన్న ఫోన్లో చూపించిన ఎడారి జూకి వెళ్దామని పట్టుబట్టారు. ఈ వేసవి సెలవుల్లోనే తీసుకెళ్దామనుకుంటున్నా. బ్యాంకులో 90 వేలున్నాయి, అందులోంచే జూన్‌లో స్కూలు ఫీజు 40 వేలు కట్టాలి. లక్ష రూపాయల చీటీలో 20 నెలలకు 11 కట్టాను. ఈ నెల చీటీ పాడుకోమంటారా, బంగారం కుదవ పెట్టమంటారా? ఒక ఏజెంటు ముగ్గురికీ కలిపి లక్షా ఎనభై వేలకు దుబాయ్ ప్యాకేజీ ఇస్తానంటున్నాడు.

జవాబు: తప్పకుండా వెళ్లండమ్మా. కాకపోతే మేలో కాదు, సంక్రాంతి సెలవుల్లో వెళ్లండి. మీ ప్రశ్నలో డబ్బు చిక్కు కంటే నెల చిక్కే పెద్దది. నెల మారిస్తే చీటీ, బంగారం గొడవ చాలావరకు దానంతటదే తీరిపోతుంది.

మేలో అక్కడ 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. కడప ఎండలు చూసినవాళ్లం, మాకేమవుతుంది అనుకోవద్దు. ఇక్కడ మధ్యాహ్నం పూట మనం గడప దాటం, జూలో గంటల తరబడి నడవాలి. ఐదేళ్ల పిల్లాణ్ణి ఎత్తుకుని తిరిగేది మీరే. జనవరిలో అయితే పగలంతా హాయిగా తిరగొచ్చు. పండక్కి జనమంతా బెంగళూరు నుంచి ఊళ్లకు వస్తుంటే మీరు అక్కడ విమానం ఎక్కడానికి ఎదురు బస్సెక్కుతారు కాబట్టి సీట్లకూ ఇబ్బంది ఉండదు. కొత్త సంవత్సరం రద్దీ తగ్గాక, అంటే పదో తేదీ తర్వాత ప్రయాణం పెట్టుకుంటే విమానం ధర కూడా కొంత దిగొచ్చే అవకాశముంది.

ఇక చీటీ. ఈ నెల పాట ఎంతకు దిగుతుందో మీరు రాయలేదు. ఇంకా తొమ్మిది నెలలు మిగిలిన లక్ష చీటీకి 18 వేలు దిగిందనుకుందాం, అంటే అంత వదులుకున్నట్టు. అక్కడి డబ్బు దిర్హం 25 రూపాయల లెక్కన అది 720 దిర్హంలు. అల్ ఐన్‌లో దాదాపు ఐదు రాత్రుల గది అద్దెను ఇక్కడే వదిలేసి బయల్దేరినట్టు! అక్టోబరు దాకా ఆగండి. అప్పటికి పాడుకోవాల్సినవాళ్లు ముగ్గురే మిగులుతారు, పాట పెద్దగా దిగదు. నిర్వాహకుడి కమీషన్ పోను 90 వేలు చేతికొస్తాయని వేసుకుందాం. చీటీ రిజిస్టర్ చేసిందో కాదో మాత్రం ఇప్పుడే కనుక్కోండి. రిజిస్టర్ చేసింది కాకపోతే నా సలహా వేరుగా ఉంటుంది.

బంగారం జోలికి వెళ్లొద్దు. రోగానికో రొష్టుకో కుదవ పెట్టేది జూ టికెట్టుకు పెడితే, రేపు నిజంగా అవసరం వచ్చినప్పుడు ఏం పెడతారు?

ఇప్పుడు అసలు విషయం. గల్ఫ్ కుటుంబాల్లో చాలామంది అక్కడి జీతాన్ని రూపాయల్లోకి మార్చి ఇంటికి పంపుతారు, ప్రయాణం నాటికి అదే డబ్బుతో మళ్లీ దిర్హంలు కొంటారు. వెళ్లేటప్పుడొకసారి, వచ్చేటప్పుడొకసారి మారకంలో కోత పడుతుంది. పైగా రూపాయి తగ్గుతూ వస్తోంది. 2014 చివర్లో 17 రూపాయల దగ్గరున్న దిర్హం 2024 చివరికి 23 దాటింది. దిర్హం 1997 నుంచి డాలరుకు 3.6725 లెక్కన ముడిపడి ఉంది కాబట్టి డాలరు పెరిగితే అదీ పెరుగుతుంది. అందుకని మీ ఆయన ఈ ఏప్రిల్ నుంచి డిసెంబరు దాకా నెలకు 250 దిర్హంలు పంపకుండా అక్కడి ఖాతాలోనే ఉంచుకోవాలి. మొత్తం 2,250 అవుతుంది. ఇక్కడ మీకు నెలకు ఆరు వేల పైచిలుకు తగ్గుతుంది, అంటే ఇప్పుడు మిగులుతున్నదే అక్కడ మిగులుతుంది.

ఆ 2,250లో ఎనిమిది రాత్రుల గదికి రోజుకు 150 చొప్పున 1,200 పోతుంది. ఆయన కంపెనీ గదిలో నలుగురైదుగురితో ఉంటున్నారనుకుంటాను. అక్కడ కుటుంబం ఉండటం కుదరదు, కాబట్టి ఈ ఖర్చు తప్పదు. మిగిలిన 1,050 భోజనాలకు, టాక్సీలకు, జూ టికెట్లకు. ఒక పూట ఖర్జూర తోటకు, అదే అల్ ఐన్ ఒయాసిస్‌కు వెళ్లండి, ప్రవేశ రుసుము లేదు. లక్షకు పైగా ఖర్జూర చెట్లకు ఫలజ్ అనే పాతకాలపు కాలువల్లో నీళ్లు పారిస్తారు. 2011లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. చెరువు కింద సేద్యం తెలిసిన మన సీమవాళ్లకు జూ కంటే ఇదే ఎక్కువ నచ్చొచ్చు.

జూని, తర్వాత యూఏఈ తొలి అధ్యక్షుడైన షేక్ జాయెద్ 1968లో పెట్టించారు. పిల్లలకు అరేబియన్ ఒరిక్స్‌ను చూపించండి, పొడవాటి కొమ్ముల తెల్ల జంతువు. 1972లో ఎడారిలో పూర్తిగా లేకుండా పోతే, జూలలో పెంచిన మందల నుంచి 1982లో ఒమన్‌లో మళ్లీ వదిలారు. ఇక లేదనుకున్న కలివికోడి అనే పక్షి 1986లో మన కడప జిల్లాలోనే మళ్లీ కనబడిన సంగతి పెద్దవాడికి చెబితే రెండూ గుర్తుంటాయి.

ఇక్కడ రూపాయల్లో అయ్యే ఖర్చు: విమానం టికెట్లు ముగ్గురికీ 75 వేలు, వీసాలు, ప్రయాణ బీమా 24 వేలు, బెంగళూరు రాకపోకలు 6 వేలు, పాస్‌పోర్ట్ రుసుము మీకు 1,500, పిల్లలకు వెయ్యేసి. కలిపితే 1,08,500. ఇందులో పాస్‌పోర్ట్ రుసుము తప్ప మిగతావి నా అంచనాలే, బుక్ చేసే రోజు ధర మీరే సరిచూసుకోవాలి. అక్టోబరులో చీటీ డబ్బు 90 వేలు పోను తక్కువపడేది 18,500. బ్యాంకులోని 90 వేలలో ఫీజు కట్టాక మిగిలే 50 వేల నుంచి అది తీస్తే, 31,500 కదలకుండా ఉంటుంది. అంతకంటే కిందికి దిగనివ్వకండి. నవంబరు, డిసెంబరు చీటీ వాయిదాలు ఇంకా కట్టాలని మరిచిపోవద్దు.

ప్యాకేజీకి, దీనికి తేడా పదిహేను వేలే కదా అనొచ్చు. కానీ అందులో అల్ ఐన్ ఉందా అని అడగండి. దుబాయ్ నుంచి అది సుమారు 150 కిలోమీటర్లు. అక్కడికి వెళ్లే ఖర్చు, మీ ఆయన ఖర్చు మళ్లీ వేరే. టికెట్టు, హోటలు కలిపి అమ్మితే టీసీఎస్ అనే ముందస్తు పన్ను కూడా మొదటి రూపాయి నుంచే వసూలు చేస్తారు. మీకు ఆదాయపు పన్ను పడకపోయినా రిటర్ను వేస్తేనే అది వెనక్కి వస్తుంది. ఉత్త విమానం టికెట్టు కొంటే ఈ బెడద లేదు.

వీసా మీ ఆయన స్పాన్సర్ చేయాలంటే అక్కడ జీతం, ఉద్యోగం చూస్తారు. కుదరకపోతే ఏజెంటు ద్వారా 30 రోజుల టూరిస్టు వీసా తీసుకోవచ్చు. అన్నిటికంటే ఆలస్యమయ్యేది పిల్లల పాస్‌పోర్ట్. దానికి తల్లిదండ్రులిద్దరి సమ్మతి కావాలి. మీ ఆయన అక్కడున్నారు కాబట్టి భారత రాయబార కార్యాలయంలో ధ్రువీకరించిన అఫిడవిట్ పంపాలి. సెలవు దొరికిన రోజు చూసుకుని ఈ నెలలోనే ఆయన ఆ పని చేయించాలి.