మీటరు ఒక్కటి, పోర్షన్లు రెండు: కిరాయి ఇళ్ల మీద మీ ప్రశ్నలు

ప్రశ్న: మాది రెండంతస్తుల ఇల్లు. కింద మేముంటున్నం, మీద కిరాయికిచ్చినం. మీటరు ఒక్కటే. సబ్ మీటరు పెట్టి యూనిట్‌కు 8 రూపాయలు తీసుకుంటుంటే ఎక్కువంటున్నరు. న్యాయమైన రేటెంత?
– ఒక పాఠకుడు, గోపాలపూర్, హన్మకొండ

జవాబు: రేటు సంగతి తర్వాత. ఒకే మీటరు వల్ల మీరూ, వాళ్లూ ఇద్దరూ నష్టపోతున్నారు. 2022–23లో ఖరారైన గృహ టారిఫ్ శ్లాబులు తీసుకోండి. నెలకు 101 నుంచి 200 యూనిట్ల మధ్య కాల్చే ఇంటికి మొదటి 100 యూనిట్లు 3.40 చొప్పున, ఆపైవి 4.80 చొప్పున. 200 దాటితే శ్లాబే మారుతుంది: మొదటి 200కూ 5.10, తర్వాతి 100కు 7.70. చెరో 150 యూనిట్లు కాల్చారనుకుందాం. వేర్వేరు మీటర్లయితే ఒక్కో బిల్లు 580, రెండూ కలిపి 1,160 రూపాయలు. ఒకే మీటరు మీద అవే 300 యూనిట్లకు 1,790. స్థిర చార్జీలు, సుంకం కలపకముందే 630 తేడా! పైగా మీద ఉన్నవాళ్లకు తెల్ల రేషన్ కార్డు ఉంటే, వాళ్ల సొంత మీటరు మీద 200 యూనిట్ల దాకా గృహజ్యోతి (ఉచిత కరెంటు) వర్తించేది. ఆ పథకం కిరాయిదారులకూ ఉంది.

పై పోర్షన్‌కు వాకిలి, వంటగది వేరుగా ఉంటే కరెంటు పంపిణీ సంస్థ ఎన్‌పీడీసీఎల్‌లో రెండో సర్వీసుకు దరఖాస్తు పెట్టండి. ముందుగా ఎలక్ట్రీషియన్‌తో ఫేజూ, న్యూట్రలూ రెండూ విడదీయించండి. పాత ఇళ్లలో ఫేజు మాత్రం వేరుచేసి న్యూట్రల్ ఉమ్మడిగా వదిలేస్తుంటారు, అక్కడే లెక్క చెడుతుంది. రెండు పోర్షన్లకూ డబుల్ పోల్ మెయిన్ (ఫేజునూ, న్యూట్రల్‌నూ ఒకేసారి ఆపే స్విచ్చి) పెట్టించి, పై పోర్షన్‌ది ఆపి చూడండి. కింద ఒక్క బల్బు కూడా ఆరకూడదు. కిందిది ఆపి మీద కూడా అట్లాగే చూడండి.

బోరు మోటరు ఎవరి మీటరు మీద ఉంటుందో అగ్రిమెంటులో రాయండి. 1 హెచ్‌పీ మోటరు రోజుకు గంట నడిస్తే నెలకు దాదాపు 30 యూనిట్లు. 180 దగ్గర ఆగాల్సిన ఇంటిని 200 దాటించేది చాలాసార్లు అదే.

కొత్త మీటరు వచ్చేదాకా 8 అని గుండుగుత్తగా తీసుకోకండి. వచ్చిన బిల్లును మొత్తం యూనిట్లతో భాగించి, సబ్ మీటరు యూనిట్లతో హెచ్చించండి. బిల్లు ఫోటో కూడా వాళ్లకు పంపండి.

ప్రశ్న: మీది బాత్రూం నుంచి కింద కిరాయిదారుల వంటింటి స్లాబుకు చెమ్మ దిగుతున్నది. మేస్త్రీ టైల్స్ అన్నీ పగలగొట్టాలంటున్నడు. తప్పదా?
– ఒక పాఠకురాలు, కాజీపేట

జవాబు: నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో తేలకుండా సుత్తి పట్టనివ్వకండి. ముందు చెమ్మ అంచు చుట్టూ పెన్సిల్‌తో గీత గీసి తేదీ వేయండి. రెండు రోజులు ఆ బాత్రూం వాడకండి, వాల్వు మాత్రం తెరిచే ఉంచండి. అయినా మరక గీత దాటిందంటే గోడలోని నల్లా పైపు కారుతున్నట్టు. ఆగిపోతే తప్పు నేలలోనో, మురుగు పైపులోనో ఉంది.

అప్పుడు నహానీ ట్రాప్‌ను (నేల మీది నీళ్లు బయటికి పోయే రంధ్రాన్ని) ప్లాస్టిక్ కవరు చుట్టిన గుడ్డతో బిగించి, నేల మీద రెండు అంగుళాల నీళ్లు 24 గంటలు నిలపండి. బట్టల నీలిమందు కొంచెం కలిపితే కింద రంగు కనబడొచ్చు. చెమ్మ పెరిగితే టైల్స్ సందులదే తప్పు. పెరగకపోతే గుడ్డ తీసి బకెట్లతో ట్రాప్‌లోకే పోయండి. ఇప్పుడు దిగితే ట్రాప్, పైపు అతుకు వదిలినట్టు. దానికి ఆ చుట్టూ నాలుగు టైల్స్ తీస్తే చాలు.

సందులే కారణమైతే పాత గ్రౌటు గీకి ఎపాక్సీ గ్రౌటు నింపించండి. బాత్రూం యాసిడ్‌తో కడగడం మాన్పించండి, సిమెంటు గ్రౌటును అది తినేస్తుంది. వీటితో చెమ్మ ఆగనప్పుడే మొత్తం తవ్వడం. తవ్వితే వాటర్‌ప్రూఫింగ్ రెండు పూతలు, గోడల మీదికి అడుగు ఎత్తు దాకా వేయించండి. టైల్స్ పరిచేముందు 48 గంటలు నీళ్లు నిలిపి కింద చూడండి. పని తొందరలో మేస్త్రీలు వదిలేసేది ఈ పరీక్షే.

ప్రశ్న: కిరాయికున్నవాళ్లు వచ్చి 11 ఏండ్లయింది. అగ్రిమెంటు ఎప్పుడో అయిపోయింది. 12 ఏండ్లు దాటితే ఇల్లు వాళ్లదైతదా?
– ఒక పాఠకుడు, కరీమాబాద్

జవాబు: కాదు. కిరాయిదారు మీ అనుమతితో ఉన్నవాడు. కిరాయి కడుతున్నంతకాలం ఎన్నేళ్లున్నా హక్కు రాదు. గడువు దాటాక కూడా మీరు కిరాయి తీసుకుంటున్నారు కాబట్టి, ఇప్పుడది నెలనెలా నడిచే కిరాయి కింద లెక్క. ఖాళీ చేయించాలంటే 15 రోజుల లిఖితపూర్వక నోటీసు రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. 12 ఏళ్ల మాట పుట్టింది వేరేచోట: కిరాయి రద్దయిన నాటి నుంచి స్వాధీనం కోసం దావా వేయడానికి గడువు అది. నోటీసు ఇచ్చాక నిద్రపోవద్దు.

కిరాయి 3,500 లోపున్న పాత ఇల్లయితే రెంట్ కంట్రోల్ చట్టం వర్తించవచ్చు. అప్పుడు నోటీసు ఒక్కటే చాలదు, చట్టంలో ఉన్న కారణం చూపాలి. కాబట్టి వకీలును కలిశాకే అడుగేయండి. కోపంతో కరెంటో, నీళ్లో ఆపితే కేసు మీ మీదికే తిరుగుతుంది.

ప్రశ్న: రిపేరుకు 60 వేలయింది. ఇన్‌కం టాక్స్‌లో చూపించొచ్చా?
– ఒక పాఠకురాలు, హన్మకొండ

జవాబు: విడిగా చూపించలేరు. వచ్చిన కిరాయిలో మీరు ఆ ఏడాది కట్టిన ఇంటి పన్ను తీసేశాక, మిగిలినదాంట్లో 30 శాతం రిపేర్ల కిందనే తగ్గిస్తారు. 60 వేలు పెట్టినా, ఒక్క రూపాయి పెట్టకపోయినా అంతే. ఇంటి పన్ను మీ చేత్తో కట్టిన రసీదు మాత్రం భద్రంగా పెట్టుకోండి.